మిట్టమధ్యాహ్నం చీరల షూట్: జెడ్8 కొనాలా, మీడియం ఫార్మాట్‌కి పోవాలా?

ప్రశ్న: మాది విజయవాడ. చాలాకాలం పెళ్లిళ్లు తీశాను. ఈమధ్య బొటిక్‌లకు, చేనేత చీరల బ్రాండ్లకు అవుట్‌డోర్ షూట్లు చేస్తున్నాను. మంగళగిరి, కొండపల్లి, సూర్యలంక బీచ్, ఎక్కువగా ఈ చుట్టుపక్కలే. నా దగ్గర నికాన్ డీ750, ఏఎఫ్-ఎస్ 85 ఎంఎం ఎఫ్ 1.8, 70-200 ఎఫ్ 2.8, రెండు స్పీడ్‌లైట్లు ఉన్నాయి. బడ్జెట్ నాలుగున్నర లక్షలు. క్లయింట్ల నుంచి రెండు మాటలు పదేపదే వస్తున్నాయి. ఒకటి, ఎండలో తీసినవాటిలో ముఖం నల్లబడుతోంది, ముఖం సరిచేస్తే ఆకాశం తెల్లగా అయిపోతోంది. రెండు, చీర ఫొటోలో ఒక రంగు, పార్సిల్ విప్పితే ఇంకో రంగు అని కస్టమర్లు వెనక్కి పంపుతున్నారు. హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండ్ మీడియం ఫార్మాట్ (నా డీ750 లాంటి ఫుల్‌ఫ్రేమ్ కంటే పెద్ద సెన్సార్ ఉన్న కెమెరా) లేకపోతే నిన్ను ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ అనరు అంటున్నాడు. నికాన్ జెడ్8, కెనాన్ ఆర్5 మార్క్ టూ, సోనీ ఏ7ఆర్ ఫైవ్, సెకండ్‌హ్యాండ్ ఫుజీ జీఎఫ్‌ఎక్స్ 100ఎస్, ఈ నాలుగింటిలో ఏది కొనమంటారు? ఇంకో సందేహం. ఒక డీలర్ బిల్లు లేకుండా అయితే ముప్పై వేలు తగ్గిస్తానంటున్నాడు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది నాకు. తీసుకోవచ్చా?

సమాధానం: ముందే చెప్పేస్తాను, జెడ్8 తీసుకోండి. కాకపోతే ఇవాళే వద్దు. ముందు మంచి బ్యాటరీ లైటు ఒకటి, ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే, వెలుతురు తగ్గించే నల్ల అద్దం) ఒకటి, కలర్ చార్ట్ ఒకటి కొని, వాటితో ఇప్పుడున్న డీ750 మీదే కొన్ని షూట్లు చేసి, ఆ తర్వాత బాడీ సంగతి చూడండి. ఎందుకంటే మీరు రాసిన రెండు కంప్లైంట్లూ ఇంకోసారి చదువుకుంటే మీకే తెలుస్తుంది, అందులో ఏదీ కెమెరా మార్చినంత మాత్రాన పోయేది కాదు. ఆ నాలుగు బాడీల్లో ఏది కొన్నా సూర్యలంకలో మధ్యాహ్నం పన్నెండింటికి ముఖం నల్లగానే ఉంటుంది, రాణీ పింక్ చీర ఎర్రగానే వస్తుంది, జేబులో మాత్రం నాలుగు లక్షలు తగ్గుతాయి.

ఎండ సంగతి ముందు చూద్దాం, అవుట్‌డోర్ ఫ్యాషన్‌లో అసలు తేడా అంతా అక్కడే ఉంది. యూట్యూబ్ రివ్యూలవాళ్లు మెగాపిక్సెల్స్, ఆటోఫోకస్, 8కే వీడియో అంటూ గంటలు గంటలు మాట్లాడతారు గానీ, ఫ్లాష్ సింక్ స్పీడ్ (ఫ్లాష్ వెలుగు ఫ్రేమ్ మొత్తం మీద పడే గరిష్ఠ షట్టర్ స్పీడ్) దగ్గరకొచ్చేసరికి ఒక్క లైన్ చదివి ముందుకెళ్లిపోతారు. మీ పనికి మొదట చూడాల్సింది ఆ లైనే. మబ్బు లేని ఎండలో, ఐఎస్‌ఓ 100 దగ్గర, అపర్చర్ ఎఫ్ 16 పెడితే షట్టర్ సుమారు 1/100 అవుతుంది, పాత ఫిల్మ్ రోజుల నుంచీ ఉన్న లెక్క ఇది. బ్యాక్‌గ్రౌండ్ మెత్తగా కరిగిపోవాలని మీరు ఎఫ్ 2.8కి దిగితే షట్టర్ 1/3200కి పోవాలి. ఫ్లాష్ మాత్రం మామూలుగా 1/200, 1/250 దాటితే సింక్ అవదు. అంటే ఎండలో ఫ్లాష్ వాడాలంటే ఎఫ్ 10 దగ్గర ఇరుక్కుపోతారు, వెనకున్న కొండ, ఎవరో ఆరేసిన బట్టలు, పార్కింగ్‌లో ఆటో అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.

ఇప్పుడు మీ లిస్టు ఈ లెక్కతో చూడండి. సోనీ ఏ7ఆర్ ఫైవ్ 1/250. కెనాన్ ఆర్5 మార్క్ టూ షట్టర్ మోడ్‌ని బట్టి 1/200 లేదా 1/250. జెడ్8 1/200, ఫ్లాష్ పవర్ కాస్త తగ్గినా పర్లేదంటే 1/250. మీ డీ750 కూడా 1/200. జీఎఫ్‌ఎక్స్ 100ఎస్ మాత్రం 1/125 దగ్గర ఆగిపోతుంది! సెన్సార్ పెద్దది, దాని ముందు షట్టర్ తెర ప్రయాణించాల్సిన దూరం ఎక్కువ, అందుకే. మీ ఫ్రెండ్ ఫ్యాషన్ కెమెరా అని చెప్తున్నదే ఎండలో ఫ్లాష్‌తో తీయడానికి ఈ నాలుగింటిలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. షట్టర్ స్పీడ్ పెంచితే ఎండ తగ్గుతుంది, ఫ్లాష్ తగ్గదు, ఎందుకంటే ఫ్లాష్ షట్టర్ తెరిచి ఉన్న ఆ కాసేపట్లోనే వెలిగి ఆరిపోతుంది. కాబట్టి ఎండకీ ఫ్లాష్‌కీ మధ్య తూకం తేల్చేది సింక్ స్పీడే. 1/250 కెమెరాకి సరిపోయే ఫ్లాష్ పవర్‌కి రెట్టింపు 1/125 కెమెరాకి కావాలి. ఎన్‌డీ ఫిల్టర్ పెడితే ఎఫ్ 2.8కి దిగొచ్చు గానీ, ఆ ఫిల్టర్ ఎండని ఎంత ఆపుతుందో ఫ్లాష్‌నీ అంతే ఆపుతుంది, తూకం మారదు, లైటు మీద భారం అలాగే ఉంటుంది. హైస్పీడ్ సింక్ వాడితే ఎఫ్ 2.8, 1/3200 దొరుకుతాయి, కానీ లైటు ఒక్క వెలుగుగా కాకుండా వరసగా చిన్నచిన్న వెలుగులుగా వెలగాలి కాబట్టి పవర్ సుమారు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకీ వెలుతురు సగం) పోతుంది. మీ స్పీడ్‌లైట్లు ఒక్కోటీ డెబ్బై, ఎనభై వాట్‌సెకన్లు ఉంటాయేమో. వాటికి సాఫ్ట్‌బాక్స్ కట్టి, హైస్పీడ్ సింక్‌లో పెట్టి, మధ్యాహ్నపు ఎండ మీదికి పంపితే మోడల్ ముఖం మీద వెలుగు పడిందో లేదో కూడా తెలియదు. మీ మొదటి కంప్లైంట్ మూలం ఇదే.

అందుకే ముందు లైటు అన్నాను. గోడాక్స్ ఏడీ600 ప్రో లాంటి 600 వాట్‌సెకన్ల బ్యాటరీ హెడ్ ఒకటి, తొంభై సెంటీమీటర్ల నుంచి 120 సెంటీమీటర్ల దాకా ఉన్న సాఫ్ట్‌బాక్స్ ఒకటి. ఎండని మోడల్ వెనక్కి పెట్టుకుని, లైటు రెండు మీటర్ల లోపు తెచ్చి, 1/200 దగ్గర ఎన్‌డీ16 పెట్టి తీయండి. ముఖం వెలుగుతుంది, ఆకాశం నీలంగా నిలుస్తుంది, జుట్టు చుట్టూ ఎండ గీత వస్తుంది. దీనికి తోడు స్టాండ్ పట్టుకునే మనిషి, ఇసుక బస్తా రెండూ తప్పనిసరి. బీచ్ గాలికి సాఫ్ట్‌బాక్స్ తెరచాపే అనుకోండి, స్టాండ్‌ని వదిలితే లైటు బోర్లా పడటానికి రెండు సెకన్లు చాలు. అసిస్టెంట్‌కి ఇచ్చే డబ్బులు దండగ అనుకునేవాళ్లు లైటు రిపేర్ బిల్లు చూశాక మనసు మార్చుకుంటారు. ఎన్‌డీ ఫిల్టర్ మాత్రం చవకది కొనకండి, చవక ఫిల్టర్లు చర్మానికి గోధుమరంగో ఆకుపచ్చో పులుముతాయి, అసలే రంగు గొడవలో ఉన్నారు మీరు. తిప్పి డార్క్‌నెస్ మార్చుకునే వేరియబుల్ రకం కంటే ఫిక్స్‌డ్ రకమే నయం.

సింక్ స్పీడ్ గొడవే లేని కెమెరాలు లేవా అంటే ఉన్నాయి. హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డీకి షట్టర్ బాడీలో ఉండదు, లెన్స్ లోపల ఉంటుంది, లెన్స్‌ని బట్టి 1/2000 దాకా, కొత్త లెన్సులతో 1/4000 దాకా ఫ్లాష్ సింక్ అవుతుంది. 1/250కీ 1/2000కీ మధ్య మూడు స్టాపులు, అంటే కాగితం మీద చూస్తే ఎనిమిదో వంతు లైటు చాలు. కాగితం మీద అని ఎందుకన్నానంటే, బ్యాటరీ లైట్లు ఫుల్ పవర్‌లో అంత వేగంగా వెలిగి ఆరవు. గోడాక్స్ ఏడీ200, ఏడీ600 ప్రోలకి ఫుల్ పవర్‌లో కంపెనీ చెప్పే ఫ్లాష్ డ్యూరేషన్ 1/220. షట్టర్ 1/2000కి మూసుకుంటే ఆ వెలుగులో కొంత బయటే మిగిలిపోతుంది. పవర్ తగ్గించుకుంటే డ్యూరేషన్ కూడా తగ్గి అంతా లోపలికొస్తుంది. 2023 చివర్లో ప్రకటించిన సోనీ ఏ9 త్రీ ఇంకో దారి పట్టింది. సెన్సార్ మొత్తం ఒకేసారి చదువుతుంది, 1/80000 దాకా ఏ స్పీడ్‌లోనైనా ఫ్లాష్ వెలిగించొచ్చు. దానికీ ఇదే డ్యూరేషన్ ఇబ్బంది ఉంది, పైగా బేస్ ఐఎస్‌ఓ 250, రిజల్యూషన్ 24 మెగాపిక్సెల్స్. స్పోర్ట్స్‌వాళ్ల కోసం చేసిన కెమెరా అది. హాసెల్‌బ్లాడ్ 2022 మోడల్‌లో కదిలే మనిషిని వెంటాడే కంటిన్యువస్ ఆటోఫోకస్ లేనే లేదు, 2025లో వచ్చిన రెండో వెర్షన్‌లోనే పెట్టారు. ఈ రెండూ ఎలాగూ మీ బడ్జెట్ బయటివే, ఎవరైనా చెప్తే ఆశపడి టెన్షన్ పడొద్దని రాస్తున్నానంతే.

మీడియం ఫార్మాట్ గురించి మీ ఫ్రెండ్ చెప్పింది పూర్తిగా అబద్ధమేమీ కాదు. జీఎఫ్‌ఎక్స్ ఫైల్ ఓపెన్ చేసి జరీ పోగుల మీదికి జూమ్ చేస్తే ఆ కిక్కే వేరు. 102 మెగాపిక్సెల్స్, 16 బిట్ రా (కెమెరా ప్రాసెస్ చేయని అసలు ఫైల్), బుగ్గ మీద వెలుగు నుంచి నీడకి జారే తీరు మెత్తగా ఉంటుంది, రీటచింగ్ చేసేవాళ్లు చర్మం మీద పనిచేయడానికి ఇష్టపడతారు. అయితే ఆ మీడియం ఫార్మాట్ లుక్ అని గాల్లో తిరిగే మాటని కాస్త దించి చూడాలి. జీఎఫ్‌ఎక్స్ సెన్సార్ ఫుల్‌ఫ్రేమ్ కంటే వైశాల్యంలో 1.7 రెట్లు ఉంటుంది, అంతే. దాని ఫేమస్ పోర్ట్రెయిట్ లెన్స్ 110 ఎంఎం ఎఫ్ 2. ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో చూస్తే 87 ఎంఎం, ఎఫ్ 1.6 అవుతుంది. ఫుల్‌ఫ్రేమ్ మీద 85 ఎంఎం ఎఫ్ 1.4 పెట్టుకున్నవాళ్లకి బ్యాక్‌గ్రౌండ్ ఇంకాస్త ఎక్కువే కరుగుతుంది. ఇంకో మాట, ఏ7ఆర్ ఫైవ్‌లో, జీఎఫ్‌ఎక్స్ 100ఎస్‌లో ఒక్కో పిక్సెల్ సైజు ఒకటే, 3.76 మైక్రాన్లు. ఆ పిక్సెలే, కాకపోతే ఎక్కువ నేల మీద పరిచారు.

ఎండలో నడిచే మోడల్, గాలికి ఎగిరే కొంగు, ఒక్కసారిగా తిరిగి నవ్వే షాట్, ఇవి మీ రోజువారీ పని అయితే 100ఎస్ మిమ్మల్ని ఏడిపిస్తుంది. ఫోకస్ నెమ్మది, బర్స్ట్ నెమ్మది. ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే సెన్సార్ చదివే వేగం మరీ తక్కువ కాబట్టి ఊగే కొంగు వంకర పోతుంది, మెకానికల్‌లోనే తీయాలి. 2024లో వచ్చిన 100ఎస్ టూలో ఫోకస్ మెరుగైంది, సింక్ స్పీడ్ మాత్రం అదే 1/125. నిలబెట్టి, లైటు కట్టి, నిదానంగా తీసే పట్టుచీరల క్యాంపెయిన్‌కి, నగల యాడ్‌కి అది బ్రహ్మాండం. అలాంటి పని ఎప్పుడో ఒకసారి వస్తుంది కాబట్టి అప్పుడు హైదరాబాద్‌లో రోజు అద్దెకి తెచ్చుకుని ఆ అద్దె క్లయింట్ బిల్లులో వేయండి. క్లయింట్ ముందు పెద్ద కెమెరా కనిపిస్తే రేటు పెరుగుతుందనేది నిజమే, నేను కాదనను. అద్దె కెమెరా కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది.

మెగాపిక్సెల్స్ మీద ఎక్కువ చెప్పను. ఇన్‌స్టాగ్రామ్ నిలువు పోస్టు 1080 ఇంటూ 1350, ఒకటిన్నర మెగాపిక్సెల్ కూడా లేదు. ఏ4 కేటలాగ్ పేజీ 300 డీపీఐలో 9 మెగాపిక్సెల్స్ లోపే. రెండు పేజీల స్ప్రెడ్ పదిహేడున్నర. హోర్డింగ్‌ని దూరం నుంచి చూస్తారు కాబట్టి దానికి ఇంకా తక్కువ డీపీఐ చాలు. 45 ఎక్కడ పనికొస్తుందంటే, ఒకే షాట్‌లోంచి వెబ్‌సైట్ బ్యానర్‌కి అడ్డంగా, రీల్ కవర్‌కి నిలువుగా కోసి ఇవ్వమని అడిగినప్పుడు, అంచు డిజైన్‌ని విడిగా క్రాప్ చేసి పెట్టమన్నప్పుడు. మీ బొటిక్‌వాళ్లు ఈ రెండూ అడుగుతూనే ఉంటారు. అందుకే 24 ఉన్న జెడ్6 త్రీకి కాకుండా జెడ్8కి ఓటేశాను. ఆ క్రాప్‌లు మీకు పెద్దగా అవసరం రావు అనుకుంటే జెడ్6 త్రీ తీసుకుని మిగిలిన డబ్బుతో రెండో లైటు కొనడం కూడా తెలివైన పనే.

ఇక రంగు. ఇది పెద్ద తలనొప్పి, మీ క్లయింట్లకి డబ్బు పోయేది కూడా ఇక్కడే. కెనాన్ చర్మం రంగులు బాగుంటాయి, సోనీ ఆకుపచ్చ కొడుతుంది అనే వాదనలు రా ఫైల్ తీసి ప్రొఫైల్ వేసుకునేవాళ్లకి పెద్దగా వర్తించవు. అసలు సమస్య వేరే చోట ఉంటుంది. ఎర్ర పట్టుచీర ఒకటి తీసి కెమెరా వెనక హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) చూడండి, తెల్లగీత హిస్టోగ్రామ్ కాదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించేది. తెల్లగీత మధ్యలో బుద్ధిగా కూర్చుని ఉంటుంది, ఎరుపు మాత్రం కుడిపక్క గోడకి గుద్దుకుని ఉంటుంది. అంటే ఆ ఎరుపులో వివరం పోయింది. కుచ్చిళ్ల మడతలు, నేత గీతలు అన్నీ ఒకే ఎర్ర ముద్దగా మారిపోతాయి, కంప్యూటర్‌లో ఎంత కిందకి లాగినా ఆ ముద్ద నారింజ వైపు తిరుగుతుందే తప్ప చీరలా కనిపించదు. ఎరుపు, రాణీ పింక్, ముదురు నారింజ చీరలకి ఎక్స్‌పోజర్ అర స్టాపు, ముప్పావు స్టాపు తగ్గించి తీయండి, రా ఫైల్‌లో చర్మాన్ని తర్వాత పైకి తెచ్చుకోవచ్చు. కెమెరా హిస్టోగ్రామ్ జేపెగ్‌ని చూసి గీస్తుంది కాబట్టి పిక్చర్ కంట్రోల్ వివిడ్‌లో ఉంటే అది అబద్ధం చెప్తుంది, న్యూట్రల్‌లో పెట్టుకోండి.

తర్వాతిది 24 గడుల కలర్‌చెకర్. లొకేషన్ మారిన ప్రతిసారీ, లైటు మారిన ప్రతిసారీ, చీర మారిన ప్రతిసారీ మోడల్ చేతికిచ్చి ఒక్క ఫ్రేమ్ తీయండి. మోడల్ విసుక్కుంటుంది, తీయండి. దాంతో ప్రొఫైల్ చేసుకుంటే కెమెరా బ్రాండ్ ఏదన్నది దాదాపు మర్చిపోవచ్చు. అరటితోటలో తీస్తే చుట్టూ ఉన్న ఆకుల పచ్చదనం చర్మం మీదికీ లేతరంగు చీర మీదికీ ఎక్కుతుంది, ఎర్రమట్టి నేల మీద తీస్తే గడ్డం కింద, కుచ్చిళ్ల మీద ఎరుపు పడుతుంది. దీనికి మందు కెమెరా మెనూలో దొరకదు. ఫ్రేమ్ బయట నేల మీద ఒక తెల్లదుప్పటి పరిస్తే సగం పోతుంది, మోడల్ పక్కన థర్మోకోల్ షీటు నిలబెడితే ఇంకాస్త పోతుంది.

ఇంత చేసినా కొన్ని బట్టలు మొండికేస్తాయి. నల్ల సింథటిక్ బ్లౌజులు కొన్ని ఫొటోలో ముదురు గోధుమ, వైన్ రంగు కొడతాయి, ఆ రంగులు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి కొడతాయి, సెన్సార్ అందులో కొంత పట్టేస్తుంది. బాగా ఉతికిన తెల్ల కాటన్, ఫ్యాక్టరీ తెల్లబట్టలు ఫ్లాష్ కింద నీలిరంగుకి తిరుగుతాయి, వాటిలో కలిపే తెలుపు పౌడర్లు అల్ట్రావయొలెట్‌కి వెలుగుతాయి కాబట్టి. షూట్‌కి వెళ్లేటప్పుడు ప్రతి చీరలోంచి ఒక జాకెట్ ముక్క అడిగి దగ్గర పెట్టుకోండి, ఎడిటింగ్ టేబుల్ దగ్గర కిటికీ వెలుతురులో ఆ ముక్కనీ కాలిబ్రేట్ చేసిన మానిటర్‌నీ పక్కపక్కన పెట్టి సరిచూడండి. బయటికిచ్చే ఫైల్ ఎస్‌ఆర్‌జీబీలోనే (ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే మామూలు రంగుల పద్ధతి) ఇవ్వండి. అయినా కస్టమర్ ఫోన్ డిస్‌ప్లే వివిడ్ మోడ్‌లో ఉంటే మీరేం చేయలేరు, ఆ మాట బొటిక్‌వాళ్లకి ముందే చెప్పి, చీర అసలు రంగుకి దగ్గరగా ఉన్న సాదా వెలుతురు ఫొటో ఒకటి ప్రతి ప్రొడక్ట్ పేజీలో పెట్టించండి. రిటర్న్‌లు తగ్గేది స్టైల్‌గా తీసిన ఫొటోతో కాదు, ఆ సాదా ఫొటోతోనే.

మంగళగిరి చీరలు తీస్తానన్నారు కాబట్టి మోయిరే గురించి కూడా చెప్పాలి. సన్నటి సాదా నేత, దానికి నిజాం అంచు. దూరం నుంచి ఫుల్ లెంగ్త్ తీసినప్పుడు పోగుల వరసలు, సెన్సార్ పిక్సెల్ వరసలు ఒకదాని మీదొకటి పడి, బట్ట మీద లేని ఇంద్రధనస్సు గీతలు పుడతాయి. ఆర్గంజా, నెట్టు, టిష్యూ ఇంకా ఘోరం. లోపాస్ ఫిల్టర్ (సెన్సార్ ముందు ఉండి మరీ సన్న గీతల్ని కాస్త మెత్తబరిచే పొర) ఉన్న కెమెరాల్లో ఇది తక్కువ, ఆర్5లోనూ సోనీ ఏ7 ఫోర్‌లోనూ ఆ ఫిల్టర్ ఉంది. జెడ్8లో, ఏ7ఆర్ ఫైవ్‌లో, జీఎఫ్‌ఎక్స్‌లో లేదు. జెడ్8 కొంటే ఈ ఒక్కచోట మాత్రం కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. వెనక స్క్రీన్‌ని ఫుల్ వ్యూలో చూస్తే చిన్న స్క్రీన్ వల్లే వచ్చే దొంగ మోయిరే కూడా కనిపిస్తుంది కాబట్టి వంద శాతం జూమ్‌లోనే చూడండి. నిజంగా ఉంటే ఒకడుగు ముందుకో వెనక్కో జరగండి, లేదా మోడల్‌ని కాస్త తిప్పండి, చాలాసార్లు అంతటితో పోతుంది. మొండిగా ఉంటే అపర్చర్ ఎఫ్ 13, 16కి మూయండి, షార్ప్‌నెస్ కొంచెం మెత్తబడి మోయిరే చల్లబడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో తీసేసే టూల్స్ ఉన్నాయి గానీ అవి రంగునే తుడుస్తాయి, మళ్లీ రంగు గొడవ మొదలు.

నాలుగింటిలో జెడ్8 ఎందుకన్నది ఇక చెప్తాను, పెద్ద కారణం మీ పాత లెన్సులే. మీ 85, 70-200 రెండూ ఏఎఫ్-ఎస్ కాబట్టి పాత నికాన్ లెన్సుల్ని జెడ్ కెమెరాకి బిగించే ఎఫ్‌టీజెడ్ టూ అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా పనిచేస్తాయి (బాడీలో మోటారు కావాల్సిన పాత ఏఎఫ్-డీ లెన్సులకే ఫోకస్ పోతుంది). కెనాన్‌కో సోనీకో మారితే లెన్సులు మళ్లీ మొదటి నుంచి కొనాలి, ఆ నాలుగున్నర లక్షల్లో చాలావరకు బాడీకే అయిపోతాయి. కెనాన్‌లో ఇంకో ఇబ్బంది, ఫుల్‌ఫ్రేమ్ ఆర్‌ఎఫ్ మౌంట్‌కి బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్సులు దొరకడం కష్టం, కెనాన్ సొంత మంచి లెన్సులు ఖరీదు. సోనీకి సిగ్మా, టామ్రాన్‌తో చవకగా మంచి సెట్ అవుతుంది, మీరు సున్నా నుంచి మొదలుపెడుతుంటే ఏ7 ఫోర్ చూడమనేదాన్ని. ఏ7ఆర్ ఫైవ్ కంటిని, తలని, ఒంటి భంగిమని గుర్తుపట్టే తీరు చాలా బాగుంటుంది, మోడల్ మొహం తిప్పేసినా వదలదు. జెడ్8 దానికి మరీ వెనకేమీ లేదు, డీ750 నుంచి వచ్చేవాళ్లకైతే పండగే. ఫోకస్ పాయింట్‌ని కంటి మీదికి జరుపుకుంటూ కూర్చునే పని పోతుంది, మీ బుర్ర మొత్తం పోజ్ మీద పెట్టొచ్చు.

జెడ్8 ఐఎస్‌ఓ 64 నుంచి మొదలవుతుంది, ఎండలో అదీ ఒక లాభమే. రెండు కార్డులు, ఒకటి సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ బీ, ఇంకోటి ఎస్‌డీ. రెండింటిలోనూ ఒకేసారి రాసుకునేలా పెట్టండి. బ్యాటరీ త్వరగా అయిపోతుంది, మూడైనా దగ్గర ఉంచుకోండి. దీనికి మెకానికల్ షట్టరే లేదు, క్లిక్ మనే చప్పుడు రాదు. చూడ్డానికి చిన్న సంగతే గానీ, అలవాటుపడ్డ మోడళ్లు ఆ చప్పుడు విని పోజ్ మారుస్తారు, చప్పుడు లేకపోతే ఒకే పోజ్‌లో బొమ్మలా నిలబడిపోతారు. మెనూలో కృత్రిమ షట్టర్ సౌండ్ ఉంది, వాల్యూమ్ పెంచుకోండి. పాత బంగళాల్లో, హోటళ్లలో ఎల్‌ఈడీ బల్బుల కింద తీసేటప్పుడు చారలు రాకుండా హై ఫ్రీక్వెన్సీ ఫ్లికర్ సెట్టింగ్ ముందే చూసుకోండి. డీ750ని అమ్మకండి, వచ్చే డబ్బులు పెద్దగా ఉండవు, లొకేషన్‌లో రెండో బాడీ లేకుండా వెళ్లడం మాత్రం రిస్కు. ఇంకోటి, ఉండవల్లి గుహల వంటివి కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. ఫోన్‌తో ఫొటో తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు, మోడల్, లైటు, స్టాండు దించితే మాత్రం గేటు దగ్గరే ఆపేస్తారు. రాతపూర్వక అనుమతి ముందే పెట్టుకోండి.

చివరగా బిల్లు లేని ముప్పై వేల తగ్గింపు. వద్దు. వారంటీ సంగతి అలా ఉంచండి, మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది కదా, లెక్కే చూద్దాం. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 18 శాతం. జెడ్8 మన దేశంలో విడుదలైనప్పటి ధర దాదాపు మూడు లక్షల నలభై నాలుగు వేలు, అందులో పన్నే సుమారు 52 వేలు. వ్యాపారానికి కొన్న కెమెరా కాబట్టి మీ జీఎస్టీ నంబర్‌తో ఇన్వాయిస్ తీసుకుంటే ఆ మొత్తం ఇన్‌పుట్ క్రెడిట్ కింద, మీరు క్లయింట్ల దగ్గర వసూలు చేసి కట్టే పన్నులోంచి తగ్గించుకోవచ్చు. ఇప్పటి ధర ఇంకా తగ్గి ఉన్నా లెక్క పెద్దగా మారదు. ఆ డీలర్ ముప్పై వేలు ఇస్తున్నట్టు కనిపిస్తూ మీ చేతిలోంచి ఇరవై వేలు లాక్కుంటున్నాడు. పైగా రేపు బీచ్‌లో కెమెరా ఉప్పునీళ్లలో పడితే ఇన్సూరెన్స్‌వాళ్లు మొట్టమొదట అడిగేది ఆ బిల్లే. పెట్టె మీది సీరియల్ నంబర్, బాడీ కింది నంబర్, ఇన్వాయిస్‌లో నంబర్ మూడూ కలుస్తున్నాయో లేదో షాపులోనే చూసుకుని, అప్పుడు డబ్బు కట్టండి.